తిరగని బేరింగు ఎందుకు అరుగుతుంది?

కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లులో తడి కాగితాన్ని ఆరబెట్టే సిలిండర్లు మిల్లు నడిచినంతకాలం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. లోపల ఆవిరి, పైన కాగితం, చివర్లలో ఆ బరువంతా మోసే బేరింగులు. నూనె సరిగా అందుతుంటే అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అదే ఊళ్లో ఏదైనా షెడ్డులో పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ముందు చక్రాలు విప్పినప్పుడు చూడండి. నకిల్ లోంచి తీసిన బేరింగు నిండా గాట్లు, చేతికి అంటుకునే ఎర్రమట్టి రంగు పొడి. ఆ బేరింగు పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా పూర్తి చుట్టు తిరిగి ఉండదు. దాన్ని తినేసింది ఆ తిరగకపోవడమే.

ముందు ఆ నకిల్ అంటే ఏమిటో చూద్దాం. గుర్రపు బండిలో ముందు ఇరుసు మొత్తం నడిమధ్య మేకు మీద తిరిగేది. మలుపులో బండి ఒరిగిపోయే ప్రమాదం ఉండేది. ఇరుసును కదలనీయకుండా, రెండు చక్రాలనూ వేటికవి విడివిడిగా తిప్పే ఉపాయాన్ని 1817లో మ్యూనిక్‌కు చెందిన బండ్ల తయారీదారు గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించాడు. మరుసటి ఏడాది లండన్‌లో పేటెంటు తీసుకున్నది ఆకర్‌మాన్ అనే ఆయన కనుక పేరు ఆయనకే దక్కింది. జీపుకు చిక్కు ఇంకొకటి ఉంది. ముందు చక్రం పక్కకు మళ్లాలి, అదే సమయంలో ఇంజను బలంతో తిరగాలి కూడా. అందుకే యాక్సిల్ గొట్టం చివర బోలు గుండు ఒకటి ఉంటుంది. లోపలి నుంచి షాఫ్ట్ వస్తుంది. గుండును చుట్టి పట్టుకున్న పోత ఇనుప డొప్పే నకిల్. తలుపుకు పైనా కిందా బందులున్నట్టు, నకిల్‌కు పైన ఒకటీ కింద ఒకటీ కింగ్ పిన్‌లు, ఒక్కోదానికి ఒక చిన్న టేపర్ రోలర్ బేరింగు. చక్రం, డ్రమ్ము, బ్రేకు, స్టబ్ యాక్సిల్ అన్నీ నకిల్‌కే వేలాడతాయి. టై రాడ్ లాగితే అన్నీ కలిసి తిరుగుతాయి. ఎంత తిరుగుతాయి? పూర్తిగా మళ్లించినా ఇటు పాతిక డిగ్రీలు, అటు పాతిక డిగ్రీలు, అంతే. తిన్నని రోడ్డు మీదైతే ఒకటి రెండు డిగ్రీలు కూడా ఉండదు.

ఈ అమరిక విల్లీస్ జీపుది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రా వాళ్లు ఆ జీపులను ముంబయిలో బిగించడం మొదలుపెట్టారు. 1980ల నాటి ఎంఎం540 దాకా ముందు యాక్సిల్ అదే వంశానిది. 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీలోనూ గుండు, కింగ్ పిన్ ఏర్పాటే. ఆటోలు రాకముందు ఈ జిల్లాలో జనాన్ని పైకప్పు దాకా ఎక్కించుకుని తిరిగిన కమాండర్ జీపుల్లో చాలావాటికి ముందు డ్రైవే లేదు, వాటి గొడవ ఇక్కడ వద్దు. ముందు యాక్సిల్‌కు నిజంగా పని చెప్పే దారులు మాత్రం చుట్టూ ఉన్నాయి. బెజ్జూర్, పెంచికల్‌పేట వైపు అడవి బాటలు, వానాకాలం చక్రాన్ని పట్టి వదలని నల్లరేగడి, పెద్దవాగులోకి దిగే చిన్నాపెద్దా ఒర్రెలు. తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి వచ్చే అడవులివి. 1942 నుంచి కాగితం తీసిన మిల్లుకు వెదురు కూడా ఇలాంటి అడవుల నుంచే వచ్చేది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బేరింగు వేగంగా తిరుగుతున్నప్పుడు రోలరు తన ముందున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. రోలరుకూ అది దొర్లే గాడికీ మధ్య మైక్రాను మందమైనా లేని నూనె పొర ఏర్పడుతుంది. ఇనుము ఇనుమును తాకదు. మిల్లు సిలిండరు ఏళ్లు బతకడం వెనుక రహస్యమిదే. కింగ్ పిన్ బేరింగుకు ఆ అదృష్టం లేదు. రోలరు పక్క రోలరు ఉన్న చోటికి కూడా జరగదు. ఉన్నచోటే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదులుతూ ఉంటుంది. కింద రాళ్ల దారి అదురు, పైన జీపు బరువు. కొద్దిసేపట్లోనే గ్రీజు ఆ గీత నుంచి పక్కకు నెట్టుకుపోతుంది, వెనక్కి చేరదు. ఇక ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. ఊడిన రేణువులు గాలి తగిలి ఐరన్ ఆక్సైడు అవుతాయి. బేరింగు నుంచి రాలే ఎర్రపొడి అదే. అది కూడా గట్టిదే, కాబట్టి ఎమరీ పొడిలా పనిచేస్తూ మిగతా ఇనుమును కొరుకుతుంది. అలా ఒక్కో రోలరు కింద ఒక్కో గాటు పడుతుంది.

ఈ జబ్బును గుర్తించిన కథ రైలు బండిలో మొదలైంది. 1930లలో డెట్రాయిట్‌లో తయారైన కొత్త కార్లు రైళ్లెక్కి దూర ప్రాంతాలకు చేరేసరికి, రోడ్డు మీద ఒక్క మైలు నడవకుండానే, చక్రాల బేరింగుల్లో గుంటలు పడి ఉండేవి. చూడ్డానికి అవి బరువు నొక్కుడుకు పడే గుంటల్లాగే ఉన్నాయి. ఆ నొక్కుడు గుంటలకు అప్పటికే బ్రినెల్ పేరు ఉంది. గట్టి గుండును లోహం మీద నొక్కి దాని గట్టిదనం కొలిచే పద్ధతిని 1900లో ప్రకటించిన స్వీడన్ ఇంజనీరాయన. కాని రైలెక్కిన కార్ల గుంటలు నొక్కుడువి కావు, అరుగుడువి. ఆల్మెన్ అనే పరిశోధకుడు 1937లో వీటి గురించి రాశాడు. ఇంజనీర్లు వీటిని దొంగ బ్రినెల్ గుంటలంటారు. తేడా కనిపెట్టడం తేలికే. నొక్కుడు గుంట అడుగున గాడిని సానపట్టినప్పటి సన్నని గీతలు ఇంకా కనిపిస్తాయి. అరుగుడు గుంటలో ఆ గీతలు తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో వాడకుండా పక్కన పెట్టిన మోటార్ల షాఫ్టును అప్పుడప్పుడు చేత్తో తిప్పి వదిలేది కూడా ఇందుకే. పక్క యంత్రాల అదురుకు ఆగి ఉన్న మోటారు బేరింగు అరిగిపోతుంది.

గాట్లు పడ్డ జీపును నడిపేవాడికి రెండు లక్షణాలు తెలుస్తాయి. ఒకటి, స్టీరింగు నడిమధ్యకు వచ్చేసరికి ఏదో పట్టుకున్నట్టు నిలబడుతుంది, రోలర్లు గాట్లలో కూర్చుంటాయి కనుక. రెండోది భయపెట్టేది. 50, 60 కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ విపరీతంగా ఊగడం మొదలవుతుంది. బ్రేకు కొట్టి దాదాపు ఆపేదాకా ఆ ఊపు వదలదు.

ఒక్క గుంతకే అంతసేపు ఊపు ఎక్కడి నుంచి వస్తుంది? ఊపుకు శక్తినిచ్చేది గుంత కాదు, బండి వేగమే. జీపు ముందు యాక్సిల్ ఒకే కడ్డీ. ఎడమ చక్రం గుంతలో దిగితే యాక్సిల్ మొత్తం వాలుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని అలా వాల్చితే, బొంగరానికి వర్తించే సూత్రం ప్రకారమే, అది పక్కకు మళ్లడానికి చూస్తుంది. మళ్లితే టైరు పక్కకు నొక్కుకుంటుంది, వెనక్కి తన్నుతుంది. ఆ తన్నుకు యాక్సిల్ మళ్లీ వాలుతుంది. ఒక్కో ఊపుకూ రోడ్డు మీద దొర్లుతున్న టైరు మరికొంత శక్తి జోడిస్తుంది. దీన్ని అణచవలసింది కింగ్ పిన్‌లో ఉండే రాపిడి. బేరింగుల్లో ప్లే, అంటే వదులు, వచ్చాక ఆ రాపిడి ఉండదు. పైగా రెండు బేరింగుల మధ్య దూరం జానెడు కూడా లేదు, టైరు మాత్రం మూడు జానలకు పైనే. లోపలి ప్లే టైరు దగ్గరికొచ్చేసరికి నాలుగైదు రెట్లు పెరుగుతుంది. 1930లలో అమెరికా కార్ల కంపెనీలు ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇవ్వడానికి ఈ ఊపు కూడా ఒక ముఖ్య కారణం.

షెడ్డుల్లో తరచూ వినే సంభాషణ ఒకటుంది. "భాయ్, మొన్ననే బేరింగులు కొత్తయి ఏయించిన. మళ్ల గట్లనే ఊగుతున్నది." "షిమ్ములు కొలిచి ఏసిండ్రా, పాతయే పెట్టిండ్రా?" "పాతయే పెట్టిండ్రు." తప్పు సాధారణంగా అక్కడే ఉంటుంది. మొత్తం పనిలో విప్పడం సగం పూట, బేరింగు కప్పులు కొట్టి దించడం ఇంకొంతసేపు. అసలు విద్య షిమ్ములనే ఆ పలుచని రేకుల్లో ఉంది.

విప్పకముందే ప్లే ఎక్కడుందో తేల్చుకోవాలి. చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. టకటకమని కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. బ్రేకు తొక్కితే డ్రమ్ము నకిల్‌తో ఒకటైపోతుంది, కాబట్టి చక్రం బేరింగుల ప్లే ఉన్నా కనిపించకుండా పోతుంది. అప్పటికీ కదులుతుంటే అది కింగ్ పిన్‌దే. నయా పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా హబ్ బేరింగులు మార్చి పంపిన బళ్లు ఎన్నో.

నకిల్ దించాక ముందు గుండును చూడాలి. దాని మీద తుప్పు గుంటలుంటే ఎంత మంచి సీలు వేసినా కొద్ది రోజులే. గుంటలు పూడ్చి, సన్న ఎమరీ కాగితంతో నునుపు చేశాకే సీలు. బేరింగు కప్పునూ రోలర్లనూ జంటగానే మార్చాలి. పాత గాడిలో కొత్త రోలర్లు వేస్తే అవి పాత గుంటల్లోనే కూర్చుంటాయి. కొత్త కప్పు వంకరగా దిగకుండా చుట్టూ సమంగా కొట్టుకుంటూ అడుగు దాకా దింపాలి.

ఇక రేకులు. విల్లీస్ లెక్కలో ఇవి అంగుళంలో వెయ్యో వంతు కొలతన 3, 5, 10, 30 మందాల్లో ఉంటాయి. అన్నిటికన్నా పలుచనిది మిల్లీమీటరులో పదమూడో వంతు. ఇవి కింగ్ పిన్ మూతల కింద కూర్చుంటాయి. రేకు తీస్తే మూత మరింత దిగి బేరింగును నొక్కుతుంది, వేస్తే వదులవుతుంది. సీళ్లు బిగించకముందే, టై రాడ్ తగిలించకుండా, స్టీరింగ్ ఆర్మ్ చివరి రంధ్రానికి స్ప్రింగు కాటా తగిలించి లాగాలి. 1944లో అమెరికా సైన్యం అచ్చేసిన జీపు మాన్యువల్ ప్రకారం నకిల్ 4 నుంచి 6 పౌండ్ల మధ్య, అంటే దాదాపు 1.8 నుంచి 2.7 కిలోలకు కదలాలి. అంతకన్నా తేలిగ్గా కదిలితే ఊపును అణచే రాపిడి చాలదు. బాగా గట్టిగా ఉంటే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నడిమధ్యకు రాదు. కింగ్ పిన్ గీత వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక అది నేలను తాకే చోటు టైరు నేలను తాకే చోటికి దాదాపు రెండు సెంటీమీటర్లు ముందుంటుంది. స్టీరింగును నడిమధ్యకు లాగేది ఆ తేడాయే. బేరింగును బిర్రుగా బిగిస్తే ఆ లాగుడును మింగేస్తుంది.

రేకుల విషయంలో చాలామంది పట్టించుకోని నియమం ఇంకొకటి ఉంది. పైనా కిందా సమాన మందం ఉండాలి. పై రేకులు తేలిగ్గా అందుతాయని అక్కడే తీస్తూ పోతే బిగువు సరిపోతుంది గాని, నకిల్ మొత్తం గుండు మీద పైకి జరుగుతుంది. అప్పుడు షాఫ్టు నడిమధ్య నుంచి తప్పుతుంది, సీలు ఒక పక్కే అరుగుతుంది. ఈ నియమం చెప్తే "అంత చూస్తే పని తెమలదు" అనే మెకానిక్‌లున్నారు. నా ఉద్దేశంలో బండిని మరో షెడ్డుకు తోలుకుపోవడానికి ఆ ఒక్కమాట చాలు.

నకిల్ లోపల షాఫ్టు మళ్లే చోట ఉండే జాయింటు సంగతి కూడా ఇక్కడే చూడాలి, ఎందుకంటే దాని జబ్బును కింగ్ పిన్ జబ్బుగా పొరబడేవాళ్లు ఎక్కువ. పాత జీపుల్లో చాలావాటికి నకిల్ లోపల సాదా క్రాస్ జాయింటే. షాఫ్టు తిన్నగా ఉంటే దానికి సమస్య లేదు. పాతిక డిగ్రీలు మళ్లితే మాత్రం లోపలి షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతున్నా బయటిది ప్రతి చుట్టులో రెండుసార్లు 10 శాతం దాకా ముందుకు ఉరుకుతుంది, రెండుసార్లు 9 శాతం వెనకబడుతుంది. ఫోర్ వీల్ వేసి గట్టి మలుపు తిప్పినప్పుడు హ్యాండిల్ చేతిలో టకటక తన్నడం అదే. దానికి బేరింగులు మార్చి ప్రయోజనం లేదు. ఫోర్డ్ ఇంజనీరు రెజెప్పా 1920లలో ఆరు గుండ్లతో జాయింటు తయారుచేసి దీనికి విరుగుడు చెప్పాడు. గుండ్లు ఎప్పుడూ రెండు షాఫ్టుల కోణాన్ని సగం చేసే తలంలోనే ఉంటాయి కాబట్టి వేగం మారదు. జిప్సీలో ఈ తరహా జాయింటే ఉంది.

బేరింగు తిరగకపోవడానికి మందేమిటని డిజైనర్లు కూడా తలపట్టుకున్నారు. ల్యాండ్ రోవర్ వాళ్లు పై కింగ్ పిన్‌కు రోలర్లు మానేసి బుష్ పెట్టారు. అమెరికా బరువు బళ్లలో వాడిన డానా 60 యాక్సిల్ కూడా పైన స్ప్రింగుతో నొక్కే బుష్, కింద టేపర్ బేరింగు పెట్టుకుంది. బుష్‌కు ఆనుకునే జాగా ఎక్కువ, గీతల్లా అరగదు. దానిలోనే ఉండే రాపిడి ఊపును అణచడానికి కూడా పనికొస్తుంది. కదలిక తక్కువైన చోట నాజూకు బేరింగు కన్నా మొరటు బుష్షే మేలని వాళ్లు తేల్చుకున్నారన్నమాట. మన జీపులకు మాత్రం రోలర్లతోనే కాపురం.

కాపురం ఎక్కువకాలం నిలవాలంటే నీటి జాగ్రత్త. ఎండలో రాళ్ల దారిన వచ్చిన బండి నకిల్, హబ్ వేడెక్కి ఉంటాయి. అలాగే ఒర్రెలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. 70 డిగ్రీల గాలి 28కి దిగితే దాని పరిమాణం ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఆ ఖాళీని పూరించడానికి సీలు పెదవి సందు నుంచి బురదనీరు లోపలికి వస్తుంది. దిగే ముందు కాసేపు ఆపి చల్లారనిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. వాగు దాటిన వారంలో నకిల్ నింపే ప్లగ్గు విప్పి, చిన్న పుల్లతో గ్రీజు తీసి చూడాలి. పాలరంగుకు తిరిగి ఉంటే నీరు చేరినట్టు, మొత్తం తుడిచి కొత్తది నింపాల్సిందే. గ్రీజు నల్లగా, నూనెలా పలుచబడి, గేర్ ఆయిల్ వాసన వేస్తుంటే నీరు కాదు. యాక్సిల్ గొట్టంలోని లోపలి సీలు పోయి డిఫరెన్షియల్ నూనె ఇటు కారుతోందన్నమాట. దాన్ని వదిలేస్తే తర్వాత తడిసేవి బ్రేకు లైనింగులు.