వీడియోలో వచ్చింది, ల్యాబ్‌లో రాదేం?

ఫోన్‌లో చూస్తుంటే ఎక్సెల్‌లో పివట్‌ టేబుల్‌ అంత ఈజీ పని ఇంకోటి ఉండదు. ఇక్కడ నొక్కాడు, అక్కడికి లాగాడు, అయిపోయింది! తీరా ప్రాక్టికల్స్‌ రోజు ఫోన్‌ బ్యాగులో పెట్టేసి సిస్టమ్‌ ముందు కూర్చుంటే మౌస్‌ ఎటు కదపాలో తోచదు. వింజమూరైనా ఉదయగిరైనా, ఇంట్లో కంప్యూటర్‌ లేక ఫోన్‌లోనే ల్యాబ్‌ పాఠాలు చూసేవాళ్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ.

తెలివితక్కువై కాదులెండి. అమెరికాలో సూసన్‌ పామిటర్‌, జే ఎల్కర్టన్‌ అనే పరిశోధకులు 1990ల మొదట్లోనే దీన్ని పరీక్షించి చూశారు. హైపర్‌కార్డ్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో పనులు ఎలా చేయాలో కొందరికి తెర మీద చేసి చూపించారు, కొందరికి రాసిచ్చారు. నేర్చుకునేటప్పుడు చూసినవాళ్లే ఫాస్ట్‌. వారం తర్వాత మళ్లీ చేయమంటే సీన్‌ రివర్స్‌! చదివి నేర్చుకున్నవాళ్లు ముందుకొచ్చారు. చూసినవాళ్లు చూసింది చూసినట్టు దించేసి ఉంటారు. చదివినవాళ్లకు ఆ వీలేదీ? ఒక్కో స్టెప్పూ అర్థం చేసుకుంటేనే చేయి కదిలేది.

అలాగని వీడియోలు పక్కన పడేయక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో బడి పిల్లలకు వర్డ్‌లో మార్జిన్లు, విషయసూచిక లాంటివి నేర్పి చూసిన పరిశోధన 2014లో వచ్చింది. అందులో కాగితం కంటే వీడియోకే ఎక్కువ మార్కులు పడ్డాయి. అయితే అవి ఒక్కో పనికి ఒక్కోటి చొప్పున చేసిన చిన్న వీడియోలు. గంటసేపు సాగే క్లాసులు కావు.

మనకు తెలుగులో ఉచితంగా దొరికేది ఐఐటీ బాంబే వారి ‘స్పోకెన్‌ ట్యుటోరియల్‌’. ఒక్కో పాఠం సుమారు 10 నిమిషాలు. కంప్యూటర్‌ తెరలో ఒక పక్క వీడియో, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్‌ తెరిచి, కాస్త చూసి ఆపి, చేసి, మళ్లీ చూడమంటారు. ఫోన్‌లో ఆ పని కుదరదు కదా! అప్పుడు పనికొచ్చేది వీడియోలో చెప్పిన మాటలన్నీ నిమిషాలతో సహా తెలుగులో రాసిపెట్టిన స్క్రిప్టు. నన్నడిగితే అసలు సరుకు అదే.

లాగడం, వదలడం లాంటివి ఒకసారి వీడియోలో చూడండి. పైతాన్‌ లాంటి కోడింగ్‌ అయితే చదివే నేర్చుకోండి. కోలన్‌, లైను ముందు ఖాళీ వీడియోలో చటుక్కున దాటిపోతాయి, కాగితం మీద ఎక్కడికీ పోవు. చూశాక వీడియో కట్టేసి, స్టెప్పులు సొంతంగా రాసుకుని, ఆ కాగితంతోనే ల్యాబ్‌లో చేసి చూడండి. వారం ఆగి కాగితం కూడా లేకుండా ఇంకోసారి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు స్టెప్పులు తెలుగులో రాసుకున్నా పర్లేదు. మెనూ పేర్లు మాత్రం తెర మీద ఉన్న ఇంగ్లిష్‌ స్పెల్లింగ్‌తోనే రాయండి. పరీక్షలో వెతుక్కోవాల్సింది ఆ అక్షరాలనే.