కూసిందిగా బాబూ!

2024 మే 13న గుడ్లవల్లేరులో ఓటు కోసం వరుసలో నిలబడితే నా ముందు ఒక మామ్మగారు ఉన్నారు. వేలికి సిరా పూయించుకుని అట్ట చాటుకు వెళ్లారు. కాసేపటికి కుయ్యిమని పొడుగాటి కూత. ఆవిడ బయటికొచ్చి తిన్నగా గుమ్మం వైపు నడిచారు.

"మామ్మగారూ, ఇంకోటి ఉందండీ! అది ఎంపీకి. ఎమ్మెల్యేకి ఇటు రండి."

"కూసిందిగా బాబూ!"

వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తప్పు ఆవిడది కాదు. పని అయిపోయిందని మిషను చెప్పింది, ఆవిడ నమ్మారు.

ఇంజనీరింగ్ కాలేజీల్లో సీఎస్ఈ పిల్లలు చదివే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, పొట్టిగా హెచ్‌సీఐ, సరిగ్గా ఇలాంటి నవ్వుల దగ్గర ఆగి ఆలోచించే శాస్త్రం. డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1986లో మనిషికీ యంత్రానికీ మధ్య రెండు అగాధాలు ఉంటాయన్నాడు. మన కాలవగట్ల మీద నిలబడి చెప్పుకుంటే ఇంకా తేలిక. మనిషి ఈ గట్టున, మిషను ఆ గట్టున. అటు పోయేటప్పుడు 'ఏది నొక్కాలి?' అన్నది ప్రశ్న. తిరిగొచ్చేటప్పుడు 'నొక్కింది పడిందా?' అన్నది ప్రశ్న. రెండుచోట్లా వంతెన వేయాల్సింది డిజైనరే.

ఈ లెక్కన ఈవీఎంకి వచ్చినంత కష్టమైన పరీక్ష ఏ సెల్‌ఫోనుకీ రాలేదనుకుంటాను. వాడేవాళ్లలో అక్షరం రానివాళ్లుంటారు, చేయి వణికేవాళ్లుంటారు. అయిదేళ్లకోసారి తప్ప దాన్ని ముట్టుకోరు. పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకునే వీలు లేదు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బెంగళూరులో బీఈఎల్ తయారుచేసే ఈ పెట్టె రూపకల్పనలో ఐఐటీ బాంబే ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకుల చేయి ఉంది. పేరు, గుర్తు, నీలం బటను ఒకే వరసలో ఉంటాయి. కాబట్టి ఏది నొక్కాలో వేలు పెట్టి చూపించినట్టే. నొక్కగానే ఎర్రదీపం, ఆ తర్వాత కూత. చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీ అంకెలు.

నాకు బాగా నచ్చేది మరొకటి. ఒకసారి ఓటు పడ్డాక ఇంకెన్నిసార్లు నొక్కినా మిషను పలకదు. అధికారి తన దగ్గరున్న కంట్రోల్ యూనిట్ మీద 'బ్యాలట్' నొక్కేదాకా బిగుసుకునే ఉంటుంది. తప్పు చేయొద్దని గోడకి కాగితం అంటించడం ఒక పద్ధతి. తప్పు చేసే వీలే లేకుండా చేయడం ఇంకో పద్ధతి. కాగితపు బ్యాలట్ల కాలంలో ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడి చెల్లకుండా పోయిన ఓట్లను విడదీసినవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు.

అలాగని దీనికీ హద్దు లేకపోలేదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకి పసుపు, ఎర్రజొన్న రైతులు పోటాపోటీగా నామినేషన్లు వేయడంతో బరిలో 185 మంది మిగిలారు. నోటాతో కలిపి 186. ఒక బ్యాలట్ యూనిట్‌లో పట్టేది 16 పేర్లే. అందుకని బూత్‌కి 12 యూనిట్లు 'ఎల్' ఆకారంలో పేర్చారు. పదిమందిలో ఒక గుర్తు కంటికి ఇట్టే ఆనుతుంది. పన్నెండు పెట్టెల్లో అయితే ఒక్కొక్క వరసా చూసుకుంటూ పోవాలి. బటను మారలేదు, దీపం మారలేదు. అయినా వెతుకులాట మాత్రం పెరిగింది.

ఇంకో హద్దు, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద చూపించే వీవీప్యాట్ పెట్టెది. దాని కిటికీలో చీటీ కనిపించేది 7 సెకన్లు. కళ్లకి శుక్లాలు వచ్చిన మనిషి ఆ సన్నటి చీటీ మీదికి చూపు తిప్పేసరికే అందులో సగం పోతుంది. నన్నడిగితే అది చాలదు.

ఇక మామ్మగారి సంగతి. ఎంపీ ఓటు మిషను మీద అంటించేది తెల్ల బ్యాలట్ కాగితం, ఎమ్మెల్యే ఓటు మిషను మీద గులాబీది. కంటికి తేడా చూపించారు, బాగుంది. చెవికి మాత్రం రెండు మిషన్లదీ ఒకటే కూత. ఆవిడ నమ్ముకున్నది చెవిని. 'ఒకటి అయింది, ఇంకోటి ఉంది' అని మిషను చెప్పలేని ఆ ముక్కని పోలింగ్ ఆఫీసరు గొంతు చెప్పింది.

రెండో అట్ట చాటునుంచి కూత వినిపించింది. ఆవిడ బయటికొచ్చి, ఈసారి ఒక్క అడుగు కూడా వేయలేదు.

"ఇంకేమన్నా ఉందా బాబూ?"