మీడియం ఫార్మాట్‌కి చిన్న టెక్నికల్ కెమెరా ఎంచుకోవడం ఎలా? బాడీ కంటే ముందు ఇమేజ్ సర్కిల్ చూడండి

ఫోన్‌లో అల్ట్రావైడ్ పెట్టి ఎత్తైన గోపురాన్ని కింద నుంచి ఫోటో తీసి చూడండి. గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎడిటింగ్ యాప్‌లో స్లైడర్ జరిపి నిటారు చేయొచ్చు. కానీ అలా చేసినప్పుడు పైభాగంలోని పిక్సెల్స్‌ని సాఫ్ట్‌వేర్ సాగదీస్తుంది, పక్కలు కత్తిరిస్తుంది. గెలాక్సీ ఎస్23 అల్ట్రా లాంటి 200 మెగాపిక్సెల్ ఫోన్ అయినా అంతే. అక్కడ ఒక్కో పిక్సెల్ సైజ్ 0.6 మైక్రాన్లే, సాగదీయడానికి అందులో పెద్దగా సరుకుండదు.

టెక్నికల్ కెమెరా ఈ పనిని ఫోటో తీయకముందే చేస్తుంది. కెమెరాని పైకి ఎత్తి చూపించం. సెన్సార్‌ని నిటారుగానే ఉంచి, లెన్స్‌ని పైకి గానీ, సెన్సార్‌ని కిందికి గానీ కొన్ని మిల్లీమీటర్లు జరుపుతాం. దీన్నే రైజ్ అంటారు, పక్కకు జరిపితే షిఫ్ట్. నిజానికి ఈ కెమెరాలో ఇంకేమీ లేదు. ముందు లెన్స్, వెనక డిజిటల్ బ్యాక్, మధ్యలో జరిగే ఒక మెటల్ ఫ్రేమ్. ఆటోఫోకస్ లేదు, వ్యూఫైండర్ లేదు, చాలా మోడళ్లలో కరెంటుతో నడిచే భాగమే లేదు.

ఈ ఫ్రేమ్ చాలా అందంగా ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. స్విట్జర్లాండ్ ఆల్పా 12 టీసీ ఫోటో చూడగానే ఎవరికైనా ముచ్చటేస్తుంది, అరచేతిలో పట్టేంత ఉంటుంది. కానీ దానిలో షిఫ్ట్ లేనే లేదు. బాడీ ముందు కొని లెన్స్, బ్యాక్ తర్వాత చూద్దాంలే అనుకుంటే లక్షలు పోసి కూడా గోపురం పైకొస తెగిపోయిన ఫోటోలు తీసుకోవాల్సి వస్తుంది.

ముందు లెక్క చేయండి

ప్రతి లెన్స్ వెనక వైపు ఒక గుండ్రటి బొమ్మ వేస్తుంది. దాని వ్యాసమే ఇమేజ్ సర్కిల్. సెన్సార్ ఆ వృత్తం లోపల ఉన్నంతవరకే జరపగలం. రోడెన్‌స్టాక్ హెచ్ఆర్ డిజరాన్-డబ్ల్యూ 32 మిమీ లెన్స్ ఇమేజ్ సర్కిల్ 90 మిమీ. అదే కంపెనీ డిజరాన్-ఎస్ 23 మిమీ లెన్స్‌కి 70 మిమీ మాత్రమే.

ఇప్పుడు సెన్సార్లు. హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ 100సీ, ఫుజీ జీఎఫ్ఎక్స్ 100 సిరీస్‌లో ఉన్నది సుమారు 43.8 × 32.9 మిమీ. ఫేజ్ వన్ ఐక్యూ4 150లో ఉన్నది 53.4 × 40 మిమీ. స్కూల్లో నేర్చుకున్న పైథాగరస్ ఇక్కడ పనికొస్తుంది (నిజంగానే!). అడ్డంగా పెట్టిన చిన్న సెన్సార్‌ని 32 మిమీ లెన్స్ వెనక సుమారు 23 మిమీ దాకా జరపొచ్చు. పెద్ద సెన్సార్‌ని 16 మిమీ దాకానే. 23 మిమీ లెన్స్‌కి వస్తే చిన్న సెన్సార్‌కి దాదాపు 11 మిమీ, పెద్దదానికి 3 మిమీ కూడా రాదు. అంటే పెద్ద సెన్సార్‌తో ఆ సూపర్ వైడ్ లెన్స్‌కి షిఫ్ట్ ఉన్నా లేనట్టే.

ఇందులో మనకు ఎన్ని మిల్లీమీటర్లు కావాలి? 30 మీటర్ల ఎత్తున్న గోపురం, 30 మీటర్ల దూరంలో మీరు, ట్రైపాడ్ మీద కెమెరా ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 32 మిమీ లెన్స్‌తో గోపురం కొస ఫ్రేమ్‌లోకి రావాలంటే చిన్న సెన్సార్‌కి సుమారు 14 మిమీ రైజ్ కావాలి. హాయిగా సరిపోతుంది. అదే వీధి ఇరుకై 20 మీటర్ల దూరంలోనే నిలబడాల్సి వస్తే 29 మిమీ కావాలి, లెన్స్ ఇవ్వలేదు. 23 మిమీ లెన్స్‌కి మారినా 16 మిమీ అడుగుతుంది, అదీ కుదరదు. నిలువు ఫ్రేమ్‌లో కూడా కొద్దిలో తప్పిపోతుంది. మీరు ఎక్కువగా తీసే చోట్లలో ఎంత వెనక్కి జరగగలరో చూసుకుని ఈ లెక్క వేసుకోండి. మీ లెన్స్ ఏదో అప్పుడు తేలుతుంది, బాడీకి ఎంత షిఫ్ట్ ఉండాలో కూడా దాన్నుంచే వస్తుంది.

చిన్న లెన్స్ వర్సెస్ సెన్సార్

రోడెన్‌స్టాక్ 32 మిమీ గొప్ప లెన్స్, కానీ లావు, బరువు. చిన్న బాడీ మీద అది పెడితే కాంపాక్ట్ అన్న మాటకే అర్థం ఉండదు. అందుకే చాలామంది కన్ను ష్నైడర్ అపో-డిజిటార్ 35 ఎక్స్ఎల్ మీద పడుతుంది. ఇమేజ్ సర్కిల్ ఇదీ 90 మిమీయే, సైజ్ మాత్రం దానిలో చిన్న ముక్క. ఈ లెన్సుల తయారీ ఆగిపోయింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి.

మరి తిరకాసు ఎక్కడుంది? ష్నైడర్ డిజైన్‌లో వెనక గ్లాస్ సెన్సార్‌కి బాగా దగ్గరగా ఉంటుంది. ఫ్రేమ్ అంచుల్లో వెలుతురు ఏటవాలుగా వచ్చి పడుతుంది. పాత రకం సీమాస్ సెన్సార్లలో ప్రతి పిక్సెల్ ఒక చిన్న బావి లాంటిది, పైన వైరింగ్, అడుగున కాంతిని పట్టే భాగం. పక్క నుంచి వచ్చే వెలుతురు అడుగుదాకా చేరదు, కొంత పక్క పిక్సెల్‌లోకి చిందుతుంది. ఫలితంగా ఫ్రేమ్ ఒక పక్క గులాబీ రంగు, ఇంకో పక్క ఆకుపచ్చ. షిఫ్ట్ చేసేకొద్దీ ఇది ఎక్కువవుతుంది. రోడెన్‌స్టాక్ లెన్సులు అంత లావుగా ఉండటానికి కారణం కూడా ఇదే. వెనక గ్లాస్‌ని సెన్సార్‌కి దూరంగా ఉంచి, వెలుతురు నిటారుగా పడేలా డిజైన్ చేశారు.

బీఎస్ఐ సెన్సార్లు వచ్చాక లెక్క మారింది. వీటిలో వైరింగ్ వెనక్కి వెళ్లిపోయి కాంతి పట్టే భాగం పైకొచ్చింది, అంటే బావి లోతు తగ్గింది. ఐక్యూ4 150, సీఎఫ్‌వీ 100సీ రెండూ బీఎస్ఐ, రెండింటిలోనూ పిక్సెల్ 3.76 మైక్రాన్లు. వీటి మీద 35 ఎక్స్ఎల్ లాంటి చిన్న లెన్సులు మళ్లీ పనికొస్తున్నాయి. రంగు తేడా పూర్తిగా పోదు, సరిదిద్దుకోగలిగేంత మిగులుతుంది. పాత 50 మెగాపిక్సెల్ బ్యాకులు, అంటే సీఎఫ్‌వీ 50సీ లాంటివి, 5.3 మైక్రాన్ల పాత డిజైన్. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే వస్తోంది కదా అని ఒకటి తీసుకుని, దానికి జతగా చిన్న ష్నైడర్ వైడ్ కొంటే రెండూ దండగే. 50 మెగాపిక్సెల్ బ్యాక్ కొనాలనుకుంటే రోడెన్‌స్టాక్‌తోనే కొనండి, లేదా కాస్త పొడవైన ఫోకల్ లెంగ్త్‌లకు పరిమితం అవ్వండి.

సరిదిద్దడం పెద్ద కష్టం కాదు, కాస్త విసుగు. అదే షిఫ్ట్, అదే అపర్చర్‌లో లెన్స్ ముందు తెల్లటి పాలరంగు ప్లేట్ పెట్టి ఇంకో షాట్ తీయాలి. క్యాప్చర్ వన్‌లో ఎల్‌సీసీ, లైట్‌రూమ్‌లో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ ఆ షాట్‌ని చూసి రంగు, అంచుల చీకటి రెండూ సరిచేస్తాయి. ప్రతి కొత్త షిఫ్ట్‌కి కొత్త ప్లేట్ షాట్. బద్ధకిస్తే ఇంటికొచ్చాక ఏడవాల్సిందే.

ఇప్పుడు బాడీ

షిఫ్ట్ అక్కర్లేదు, వైడ్ ల్యాండ్‌స్కేప్‌లే అంటే ఆల్పా టీసీ ఓకే. ఒక్క దిశలో జరిగితే చాలు, చిన్నగా ఉండాలి అంటే ఆల్పా 12 ఎస్‌టీసీ, ఇది అటూ ఇటూ 18 మిమీ జరుగుతుంది. తిప్పి పెట్టుకుంటే అదే రైజ్. మన గోపురం లెక్కకి ఇది చాలు, నా ఓటు కూడా దీనికే. రెండు దిశలూ ఒకేసారి కావాలంటే నెదర్లాండ్స్ క్యాంబో డబ్ల్యూఆర్ఎస్ సిరీస్ చూడండి. ఇందులో లెన్స్ కదలదు, బ్యాకే కదులుతుంది, కాబట్టి రెండు మూడు షాట్లు తీసి అతికిస్తే దగ్గరి వస్తువులు కూడా చెదరకుండా కలుస్తాయి. అటూ ఇటూ 15 మిమీ జరిపితే చిన్న సెన్సార్‌కే 73.8 మిమీ వెడల్పు వస్తుంది, 90 మిమీ సర్కిల్‌లో అది పడుతుంది. టిల్ట్ ముఖ్యం అనుకునేవాళ్లకు ఆర్కా-స్విస్ ఆర్ఎం3డీలో అది బాడీలోనే ఉంది. 2019లో వచ్చిన ఫేజ్ వన్ ఎక్స్‌టీ అయితే కేబుళ్ల గొడవ లేకుండా ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న లెన్సులతో వస్తుంది, రెండు దిశల్లో 12 మిమీ కదులుతుంది. కాకపోతే ఐక్యూ4 150 బ్యాక్ ధరే చాలా ఎక్కువ. అది మన లీగ్ కాదు. 2024 జనవరిలో వచ్చిన 907ఎక్స్, సీఎఫ్‌వీ 100సీ జత ధర లాంచ్‌లో 8,199 డాలర్లు, బ్యాటరీ, 1 టీబీ స్టోరేజ్ బ్యాక్ లోపలే ఉన్నాయి. చిన్న టెక్నికల్ కెమెరా వెనక పెట్టడానికి ఇప్పుడు నాకు అన్నిటికంటే అర్థవంతంగా కనిపించేది ఇదే.

ఇంట్లో ఇప్పటికే జీఎఫ్ఎక్స్ ఉంటే? దాన్ని క్యాంబో ఆక్టస్ లాంటి ఫ్రేమ్‌కి తగిలించొచ్చు. కానీ జీఎఫ్ఎక్స్ మౌంట్ నుంచి సెన్సార్ దాకా 26.7 మిమీ లోతు ఉంటుంది. సెన్సార్‌కి అతుక్కుని కూర్చోవాల్సిన వైడ్ లెన్సులకు అక్కడ చోటు లేదు. ప్రొడక్ట్ ఫోటోలకు బాగుంటుంది, గోపురాలకు కాదు. అలాంటప్పుడు ఫుజీ సొంత జీఎఫ్ 30 మిమీ టీ/ఎస్ కొనుక్కోండి, 15 మిమీ షిఫ్ట్ ఇస్తుంది. పై లెక్క ప్రకారం 30 మీటర్ల దూరం నుంచి దానికి కావాల్సింది 12 మిమీ. పని అయిపోతుంది, టెక్నికల్ కెమెరా అవసరమే లేదు.

డబ్బు కట్టే ముందు

పాత లెన్సుల్లో ఉండేది కోపాల్ 0 మెకానికల్ షట్టర్, గరిష్ఠంగా 1/500 సెకను. వీటి తయారీ ఆగిపోయింది, కాబట్టి నెమ్మది స్పీడ్‌లు సరిగ్గా పడుతున్నాయా అని వీడియో అడిగి వినండి. బ్యాక్‌లోని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో నెట్టుకురావచ్చు గానీ, సెన్సార్ వరుసలు వరుసలుగా చదువుతుంది కాబట్టి గాలికి ఊగే కొమ్మలు, వెళ్లే బండ్లు వంకరపోతాయి, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద చారలు వస్తాయి. కట్టడాలు తీసేవాళ్లకు ఇది పెద్ద నష్టం కాదు.

బ్యాక్ మౌంట్ కూడా అడగండి. ఒకే మోడల్ ఫేజ్ వన్ బ్యాక్ హాసెల్‌బ్లాడ్ వీ, హాసెల్‌బ్లాడ్ హెచ్, ఫేజ్ వన్ సొంత మౌంట్‌లలో దొరుకుతుంది, మీ ఫ్రేమ్ అడాప్టర్ దానికి సరిపోవాలి. చివరిగా ఫోకస్. 3.76 మైక్రాన్ల పిక్సెల్‌కి అడాప్టర్ మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తు అబద్ధం చెబుతుంది. ఆల్పా వాళ్లు దీనికోసమే అడాప్టర్‌లో పలుచటి షిమ్‌లు ఇస్తారు. కెమెరా చేతికొచ్చిన రోజే దూరంగా ఉన్న సెల్ టవర్ మీద లైవ్ వ్యూలో జూమ్ చేసి చూడండి. గుర్తు దగ్గర టవర్ పదునుగా లేకపోతే షిమ్ మార్చాక గానీ లెన్స్‌ని అనుమానించొద్దు.