మోగిన ఫోనుకి ఖరీదెంత?

మా మావయ్యకి గుంటూరులో ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు ఉంది. షాపు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక షట్టరు, ఇద్దరు కుర్రాళ్లు, ఒక పాత బండి, గోడకి ఆనించిన నిచ్చెన. ఇరవై ఏళ్లుగా నోటిమాట మీదే నడిచింది. పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లో నేను అక్కడ ఉండగా, రివ్యూలూ రేటింగులూ చూపించే ఒక లిస్టింగ్ కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. ఊళ్లో ఎవరు "ఏసీ రిపేరు" అని వెతికినా మన షాపే పైన కనిపిస్తుందట. ఏడాదికి 30,000. నెలకి 2,500 చొప్పున బ్యాంకు ఖాతాలోంచి అదే కట్ అయిపోతుంది.

మావయ్య నా వైపు చూశాడు. "ఏరా అల్లుడూ, చదువుకుంటున్నావుగా, ఏమంటావ్?" అన్నాడు.

కట్టేయమన్నాను. కంప్యూటర్ సైన్సు చదివేవాణ్ణి, ఆన్‌లైన్ వద్దంటే నామోషీ కదా! ఆ ప్యాకేజీలో ఏముందని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. డబ్బు ఆయనది, సలహా నాది. అందుకని తర్వాత లెక్క వేసే పని కూడా నా మీదే పడింది. మనలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక చిన్న షాపు ఉంటుంది కాబట్టి, ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఒకేలా కనిపించే మూడు సంగతులు

మొదట నాకు అర్థం కానిది ఇదే. లిస్టింగు వేరు, రివ్యూ వేరు, ప్రకటన వేరు. లిస్టింగు అంటే షాపు పేరు, చిరునామా, ఫోను నంబరు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఇది పూర్తిగా ఉచితం. షాపు మనదేనని నిరూపిస్తే చాలు, మ్యాప్‌లో కనిపిస్తాం. రివ్యూ అంటే పని చేయించుకున్న మనిషి రాసే మాట. దాన్ని డబ్బుతో కొనకూడదు. మనం డబ్బు కట్టేది మూడోదానికి, అంటే వెతికేవాళ్ల కంటికి ముందుగా కనపడటానికి. వచ్చినతను ఈ మూడింటినీ కలిపి ఒకే మూటగా చెప్పాడు. విన్నప్పుడు 30,000 పెట్టి మంచి పేరు కొంటున్నట్టే అనిపించింది. నిజానికి మేం కొన్నది ఫోను మోగడం మాత్రమే.

నోటుబుక్కులో లెక్క

మొదటి దెబ్బ బ్యాంకు మెసేజీతోనే తగిలింది. 2,500 కాదు, 2,950 కట్ అయింది. 18 శాతం జీఎస్టీ ఉంటుందన్న సంగతి మాకు తట్టలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ అయితే ఆ పన్నుని తన పన్నులో సర్దుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అవసరం లేని మావయ్య లాంటి చిన్న వ్యాపారికి అది నికరంగా ఖర్చే. అంటే ఏడాదికి 35,400.

మార్చి నుంచి మే దాకా ఆ కంపెనీ ద్వారా వచ్చిన ప్రతి ఫోనునీ మా అత్తయ్య నోటుబుక్కులో రాసింది. మొత్తం 74. అందులో 19 మనకి సంబంధం లేనివి: వాషింగ్ మెషీన్లు, కొత్త ఏసీ ధర అడిగేవాళ్లు, తెనాలి నుంచి చేసేవాళ్లు. 26 మంది "వేరే ఆయన వచ్చేస్తున్నాడండీ" అన్నారు. మిగిలిన 29 మందితో మాట్లాడితే 11 పనులు దొరికాయి. 8 మామూలు సర్వీసులు, 3 గ్యాస్ నింపడాలు. కుర్రాడి కూలీ, పెట్రోలు, సామాను పోను సర్వీసుకి 250, గ్యాస్‌కి 900 మిగులుతుంది. మొత్తం 4,700. మూడు నెలలకి కట్టింది 8,850.

ఇంకోలా చూద్దాం. 4,700ని 74తో భాగిస్తే సుమారు 64. అంటే ఫోను ఒకసారి మోగితే మావయ్యకి సగటున మిగిలేది 64 రూపాయలు. ఆ మోతకి ఆయన కట్టింది సుమారు 120. ఈ రెండు అంకెలూ తెలిస్తే ఏ ప్రకటన సంగతైనా తేలిపోతుంది. కట్టే రేటు మిగిలేదానికంటే తక్కువుంటే కట్టొచ్చు. ఎక్కువైతే మన పని ఎంత బాగున్నా నష్టమే.

"వేరే ఆయన వచ్చేస్తున్నాడు" అన్న 26 మంది సంగతి అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఒక మనిషి వెతికి తన నంబరు ఇస్తే, ఆ నంబరు మాకొక్కరికే రాదు. డబ్బు కట్టిన ఇంకో ముగ్గురు నలుగురు మెకానిక్కులకి కూడా అదే నిమిషంలో వెళ్తుంది. ముందు ఫోన్ చేసినవాడికే పని. మావయ్య అప్పుడు ఎవరింట్లోనో నిచ్చెన మీద ఉంటాడు. కిందికి దిగి చూసుకునేసరికి బేరం పోయి ఉంటుంది. ఫోను దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి ఉన్న షాపుకి ఇది పనికొస్తుంది, మాలాంటి వాళ్లకి కష్టం.

సీజను సంగతి

నా లెక్కలో ఒక లోపం ఉందని మీలో కొందరికి ఇప్పటికే తట్టి ఉంటుంది. ఒకసారి వచ్చిన కస్టమరు మళ్లీ వస్తాడు కదా? నిజమే. ఆ 11 మందిలో నలుగురు తర్వాత మావయ్యకే నేరుగా ఫోన్ చేశారు. ఏడాదికి రెండు సర్వీసుల చొప్పున వాళ్ల వల్ల 2,000 దాకా మిగులుతుంది. అలా మూడు నెలల నష్టం పూడటానికి రెండేళ్లు దాటుతుంది. పూడదని కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏప్రిల్, మేలలో ప్రకటన లేకపోయినా మావయ్యకి చేతినిండా పనే, పాత కస్టమర్లకే రేపు రమ్మని చెప్పే పరిస్థితి. చేతులు ఖాళీగా ఉండే నవంబరు, డిసెంబరుల్లో ఏసీ గురించి వెతికేవాళ్లే తక్కువ. ఉన్నది ఇద్దరు కుర్రాళ్లే కాబట్టి, పని ముంచెత్తే నెలల్లో ఇంకో పది ఫోన్లు కొనుక్కుని ఏం లాభం? అయినా 2,950 మాత్రం పన్నెండు నెలలూ కట్ అయింది. మిగతా తొమ్మిది నెలల్లో వచ్చిన పనులు 14.

మరి రివ్యూల మాటేమిటి?

రివ్యూలకి విలువ లేదని నేననను. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా 2011లో సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల మీద ఒక పరిశోధన చేశారు. యెల్ప్ సైటులో రేటింగు ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతోందని తేలింది. అదీ పేరున్న చైన్ హోటళ్లకి కాదు, సొంతంగా నడిచే వాటికి. అంటే చిన్నవాళ్లకే రివ్యూలతో ఎక్కువ పని. అయితే అది స్టార్ల ప్రభావం, డబ్బు కట్టి పైన కనిపించడం వల్ల వచ్చింది కాదు.

డబ్బు కట్టకపోతే మంచి రివ్యూలు మాయమవుతాయన్న అనుమానం కూడా చాలామందికి ఉంది. అమెరికాలో కొందరు చిన్న వ్యాపారులు ఇదే ఆరోపణతో యెల్ప్ మీద కేసు వేశారు. యెల్ప్ దాన్ని ఒప్పుకోలేదు. 2014లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వ్యాపారుల వాదనని తోసిపుచ్చింది. తనకి మంచి రివ్యూలు ఉండి తీరాలనే హక్కు వ్యాపారికి లేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. ఆ సైటు మన షాపు గోడ కాదు, అద్దె గోడ. దాని మీదే మన పేరంతా రాసుకుంటే ఎలా?

ఇక నా రెండో తప్పు చెప్పాలి. లెక్క చూసి బెంగపడి, హాస్టల్లో ఇరవైమంది చేత ఫైవ్ స్టార్ రివ్యూలు రాయిస్తానన్నాను. మావయ్య నవ్వలేదు. "వాళ్లింట్లో ఏసీ నేనెప్పుడు బాగుచేశాన్రా?" అన్నాడు. ఇంకేం మాట్లాడను? తర్వాత చూస్తే గూగుల్ నియమాలు కూడా దొంగ రివ్యూలని ఒప్పుకోవు. మన దేశంలో కూడా బీఐఎస్ 2022లో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది.

దానికి బదులు ఉచిత ప్రొఫైల్ తెరిచాం. పని అయ్యాక, ఇష్టమైతే రాయమని కస్టమరుకి వాట్సాప్‌లో లింకు పంపిస్తున్నాం. ఇందులో కూడా చిన్న గణితం ఉంది. 9 ఫైవ్ స్టార్ రివ్యూలున్న షాపుకి ఒక్క సింగిల్ స్టార్ పడితే సగటు 4.6కి దిగుతుంది. అవే 99 ఉంటే 4.96 దగ్గర ఆగుతుంది. ఒక కోపిష్టి మనిషి నుంచి కాపాడేది ఆ సంఖ్యే. దానికి ఓపిక కావాలి గానీ డబ్బు అక్కర్లేదు.

ఎవరు కట్టొచ్చు?

ఎవరూ కట్టొద్దని నేను చెప్పడం లేదు. ఊరికి కొత్తగా వచ్చి షాపు పెట్టినవాళ్లకి నోటిమాట ఇంకా పుట్టలేదు, వాళ్లు ఒక సీజను కట్టి చూడొచ్చు. ఇల్లు మారేటప్పుడు సామాను తరలించే వాళ్లలాగా, ఒక్కో పనికి ఎక్కువ మిగిలి, కస్టమరు మళ్లీ మళ్లీ రాని వ్యాపారాలకీ నప్పొచ్చు. పనికి 3,000 మిగిలి, పది ఫోన్లలో ఒకటి కుదిరినా, ఫోను విలువ 300 అవుతుంది. అక్కడ 120 చవకే. వీధిలోవాళ్లే ఏడాదికి రెండుసార్లు పిలిచే మావయ్య షాపుకి అది దండగ.

ఈ ఫిబ్రవరిలో రెన్యువల్ కోసం అతనే మళ్లీ వచ్చాడు. ఈసారి మావయ్య నా వైపు చూడలేదు. అత్తయ్య నోటుబుక్కు ముందు పెట్టుకుని తనే అడిగాడు. ఒక్కో ఫోను ఎంతమందికి పంపిస్తారు? మార్చి నుంచి జూన్ దాకా మాత్రమే తీసుకోవచ్చా? పన్నుతో కలిపి ఎంత? మధ్యలో ఆపాలంటే కాగితం మీద ఏం రాసిస్తారు? అతను చివరిదానికి మేనేజర్ని అడిగి చెప్తానన్నాడు. "అడిగి రా బాబూ, అప్పుడు చూద్దాం," అని మావయ్య టీ తెప్పించాడు. బ్యాంకుకి వెళ్లి ఆటో డెబిట్ మాత్రం ఆ రోజే ఆపించాడు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా "ఏమంటావ్?" అని అడిగితే, నాలాగా వెంటనే జవాబు చెప్పకండి. ముందు ఒక నోటుబుక్కు కొనివ్వండి. పోయిన నెలలో ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని పనులయ్యాయి, ఎంత మిగిలింది, ఈ మూడూ రాయించండి.