ట్యాంకుల ఊరు సాంక్ట్ వాలెంటిన్

వియన్నా నుంచి రైల్లో పడమరకు పోతుంటే, లింజ్ ఇక కాసేపట్లో వస్తుందనగా సాంక్ట్ వాలెంటిన్ తగులుతుంది. ఆస్ట్రియాలో చిన్న పట్టణం. ఇక్కడి కర్మాగారంలో ఇప్పుడు స్టెయర్, కేస్ ఐహెచ్ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఊళ్లో నడిచింది నీబెలుంగెన్‌వెర్క్ అనే ట్యాంకుల కర్మాగారం. జర్మన్ సైన్యానికి వేలకొద్దీ పాంజర్-4 ట్యాంకులు ఇక్కడి నుంచే వెళ్లాయి. అయినా ఈ ఊరి చరిత్రలో నన్ను కట్టిపడేసేది మూడే మూడు బళ్ల కథ. వాటికి ఫిరంగి లేదు.

భారీ ట్యాంకు కోసం 1942లో హెన్షెల్, పోర్షే కంపెనీలు పోటీ పడ్డాయి. పోర్షే నమూనాలో పెట్రోలు ఇంజన్లు డైనమోలను తిప్పితే, ఆ కరెంటుతో మోటార్లు బండిని నడపాలి. ఆలోచన గొప్పదే, బండి మాత్రం పదేపదే మొరాయించింది. గెలుపు హెన్షెల్‌ది. కానీ ఫలితం తేలకముందే నీబెలుంగెన్‌వెర్క్‌లో పోర్షే బళ్ల తయారీ మొదలైపోయింది. వాటిలో 90 బళ్లకు 88 మిల్లీమీటర్ల ఫిరంగి, ముందువైపు 200 మిల్లీమీటర్ల ఉక్కు కవచం అమర్చి, 1943 మే నాటికి ‘ఫెర్డినాండ్’ పేరుతో సిద్ధం చేశారు. ఒక్కోటి 65 టన్నులు.

అసలు చిక్కు ఆ బరువే. జులైలో సోవియట్ సైన్యంతో జరిగిన కుర్స్క్ యుద్ధంలో మందుపాతర పేలి చైను తెగితే చాలు, బండి నిలబడిపోయేది. దాన్ని కదిలించాలంటే 18 టన్నులు లాగే హాఫ్‌ట్రాక్‌లు (ముందు చక్రాలు, వెనుక చైన్లు ఉండే బళ్లు) నాలుగైదు కలిసి గుంజాలి. మెత్తటి నేల, మీద శత్రువు ఫిరంగి గుండ్లు, కవచం లేని ఆ హాఫ్‌ట్రాక్‌లలో మనుషులు! బాగుచేయదగ్గ బళ్లను సైతం లాగలేక సిబ్బందే పేల్చేసి వెనుదిరగాల్సి వచ్చింది. ఆ పోరాటాల్లో 39 ఫెర్డినాండ్లు పోయాయి. బండిని గీసిన ఇంజనీర్లు ఎలా కొట్టాలో ఆలోచించారు, దిగబడితే ఎలా తీయాలో ఆలోచించలేదు. నా దృష్టిలో ఇది డిజైన్ లోపమే.

ఆ దెబ్బ తిన్నాకే, మిగిలిన పోర్షే బళ్లలో మూడింటిని రికవరీ ట్యాంకులుగా మార్చారు. ఫిరంగి లేదు. వెనుకభాగంలో చిన్న ఉక్కు గది, ఆత్మరక్షణకు మెషిన్‌గన్, తేలికపాటి క్రేన్, అంతే. బరువైన బండిని లాగడానికి బరువైన బండే కావాలన్నది లెక్క. 1944 ఫిబ్రవరిలో 11 ఫెర్డినాండ్లు ఇటలీకి కదిలినప్పుడు వాటి వెంట ఒక్క రికవరీ ట్యాంకే వెళ్లింది. తక్కినవి తూర్పు రంగానికి.

ఈ కర్మాగారం గురించి ఉక్కు లెక్కలు చెప్పి ఊరుకోవడం అన్యాయం. 1944 ఆగస్టులో ఇక్కడ మౌట్‌హౌజన్ నిర్బంధ శిబిరానికి అనుబంధ శిబిరం తెరిచారు. వెయ్యిమందికి పైగా ఖైదీల చేత ట్యాంకుల పని చేయించారు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా విమానాలు కర్మాగారంపై బాంబులు కురిపించాయి. యుద్ధం ముగిశాక అది సోవియట్ అధీనంలోకి వెళ్లింది. ట్రాక్టర్లు తర్వాతి కాలపు మాట.

ఫెర్డినాండ్లలో రెండు నేటికీ మిగిలాయి. ఒకటి రష్యాలో, ఇటలీలో పట్టుబడిన మరొకటి అమెరికాలో ఉన్నాయి. ఆ మూడు రికవరీ ట్యాంకుల్లో ఒక్కటీ మిగల్లేదు.