మంద ఎరుగని మంద కుక్క

పాలమూరు జిల్లాలో గొల్లలు, కురుమలు కుక్క లేకుండా మంద తోలుకుపోవడం అరుదు. ఎండలు ముదిరి మేతకు, నీళ్లకు జీవాలను దూరపు ఆయకట్టుకు నడిపించేటప్పుడు ఒక నాటు కుక్క వెనకో ముందో నడుస్తూనే వుంటుంది. రాత్రి ఏ చేలోనో మంద పెట్టి, గొంగడి కప్పుకుని కాపరి కునుకు తీసినా అది చెవులు రిక్కించే పడుకుంటుంది. తోడేలు వాసన తగిలితే మొదట లేచేది అదే. దానికి జాతి పేరు లేదు, సంతలో ధర లేదు. మందలో పుట్టి, గొర్రెపిల్లల నడుమ పెరిగి, మందలోనే ముసలిదవుతుంది.

మరో రకం మంద కుక్క హైదరాబాదు మేడల్లో వున్నది. అది గొర్రెను కళ్లతో చూసి ఎరుగదు. జనం అల్సేషియన్ అని పిలిచే జర్మన్ షెపర్డ్ అది. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి అనే అర్థం. ముచ్చటపడి కొన్నవారికే చివరకు బరువై, వీధిన పడి, జంతు సంరక్షణ కేంద్రాలకు చేరుతున్న జాతి కుక్కల్లో ఇవీ వున్నాయి. 1992లో అక్కినేని అమల స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాస్ వంటి సంస్థలు ఇలాంటి మూగజీవాలకు వైద్యం చేయించి, సాకగలమని ముందుకు వచ్చినవారికి దత్తత ఇస్తున్నాయి. వేలు పోసి కొనవలసిన అల్సేషియన్ ఆ విధంగా చేతికి వస్తుందంటే, మంద వున్న రైతుకు ఆశ పుట్టడం సహజమే. అయితే తెచ్చుకునే ముందు అది ఏ పనికి పుట్టినదో తెలుసుకోవడం అవసరం.

గట్టు దాటనివ్వని కావలి

1899 ఏప్రిల్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూహె పట్టణంలో జరిగిన కుక్కల ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళాధికారి ఒక మంద కుక్కను చూసి, మెచ్చి కొన్నాడు. దానికి హోరాండ్ అని పేరు పెట్టాడు. అదే ఏడు ఆ జాతికి ఒక సంఘం ఏర్పడి, దాని పుస్తకంలో మొదటి పేరుగా హోరాండ్ పేరే ఎక్కింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత, శత్రుదేశం పేరు పలకడం ఇష్టం లేక ఆంగ్లేయులు దానిని అల్సేషియన్ అన్నారు. 1977లో వారే తిరిగి పాత పేరును అనుమతించారు. మన పల్లెల్లో మాత్రం పెట్టుడు పేరే నిలిచిపోయింది!

జర్మనీలో దాని పని ఆసక్తికరమైనది. అక్కడి పొలాలకు కంచెలు వుండేవి కావు. రెండు చేల మధ్య వున్న బీడులో వందల గొర్రెలు మేస్తుంటే, ఈ కుక్క గట్టు వెంట పొద్దస్తమానం అటూ ఇటూ పరుగు తీస్తుండేది. గీత దాటి పైరులో మూతి పెట్టబోయిన గొర్రెను వెనక్కు తరిమేది. చేలో జీవాలు పడ్డాయని గొడవలు జరిగే ఊళ్లలో ఇటువంటి కావలి విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. మన నాటు కుక్క చేసేది కాపలా. గొర్రెలను మళ్లించేది మాత్రం కాపరి కేక, కర్ర, ఈల. జర్మనీ కుక్క నేర్చినది ఆ మళ్లింపు. రెండూ మంద కుక్కలే గాని, పనులు వేరు.

పట్నంలో ఈ కుక్క మీద వచ్చే ఫిర్యాదులకు మూలం కూడా ఇక్కడే వున్నది. స్కూటరు వెంట పడుతుంది, పరుగెత్తే పిల్లల మడమలు పట్టబోతుంది, రోజంతా గోడ వెంట తిరుగుతూ మొరుగుతుంది. గీత వెంట పరుగెత్తి, తప్పిపోయినదాన్ని తరిమి తెచ్చేందుకు మనిషి తరాల తరబడి ఏరి పెంచిన గుణమే ఇది. గొర్రెలు లేనిచోట అది స్కూటర్ల మీదికి మళ్లింది. ఆరడుగుల గొలుసుకు కట్టి వుంచితే పిచ్చెత్తినట్లు తయారవుతుంది. తప్పు కుక్కది అనడం న్యాయం కాదు.

ఇంతమాత్రాన తెచ్చిన మరునాడే మందలో వదలకూడదు. గొర్రెలను ఎరుగని పెద్ద కుక్క జీవాలు కదలగానే వెంటబడుతుంది. బెదిరిన మంద చెల్లాచెదరవుతుంది, చూడి జీవాలు ఈసుకుపోవచ్చు, పళ్లు దిగితే మరీ నష్టం. మొదట కొన్ని వారాలు తాడుతో పట్టుకుని, దూరం నుంచి మందను చూపాలి. నిమ్మళంగా వుంటే కొద్దికొద్దిగా దగ్గరకు తీసుకుపోవచ్చు. చూపు నిలిపి, ఒళ్లు బిగపట్టి గుంజుకుపోతుంటే దానికి మంద పని వద్దు. అది మామిడి తోటకో, బావి దగ్గర కొట్టానికో కాపలాగా పనికివస్తుంది. కేంద్రాల్లో వుండేవాటిలో ఎక్కువ వయసొచ్చినవే కనుక, ఇవి మన మందల్లో పని నేరుస్తాయని గట్టిగా నమ్మకం పెట్టుకోకపోవడమే మేలు.

బద్దె పురుగుల బెడద

నాటుదైనా జాతిదైనా మంద వెంట వుండే కుక్క విషయంలో చాలామంది పట్టించుకోనిది ఒకటున్నది. వయసులో వున్న గొర్రె ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతూ, తల వాల్చి, మేత మాని, కొన్నాళ్లకు పడి చచ్చిపోతుంది. గాలి సోకిందని మంత్రాలు వేయించేవారూ వున్నారు. పశువైద్యులు దీనిని గిడ్ వ్యాధి అంటారు. ఇది కుక్క కడుపులోని ఒక రకం బద్దె పురుగు వల్ల వస్తుంది. పురుగు గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి బుడగ పెరుగుతుంది. గొర్రె చచ్చాక తలను కుక్కకు వేస్తే, బుడగలోని పిల్లపురుగులు మళ్లీ కుక్క కడుపు చేరతాయి. ఇలాంటిదే మరో పురుగు గొర్రె ఊపిరితిత్తుల్లో, కాలేయంలో బుడగలు కట్టిస్తుంది. దాని గుడ్లు అన్నంతోనో నీళ్లతోనో లోపలికి పోతే మనుషులకూ అవే బుడగలు వస్తాయి. ఆపరేషన్ దాకా పోవచ్చు.

కోసిన జీవం తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా కుక్కకు వేయకూడదు. బాగా ఉడికించి పెట్టాలి, లేదా లోతుగా పూడ్చాలి. బద్దె పురుగుల మందు మూడు నెలలకోసారి పశువుల డాక్టరును అడిగి తాగించాలి. తాగించిన రెండు రోజులు కుక్కను కట్టివుంచి, దాని పెంటను కాల్చడమో పూడ్చడమో చేయాలి. కుక్కను నిమిరిన చేతులతో పిల్లలు అన్నం ముట్టకుండా చూడాలి. పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటా తప్పదు. టీకా వేసిన కుక్క కరిచినా సరే, గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి పోవలసిందే.

జర్మన్ షెపర్డ్‌కు రెండు పొరల జుత్తు. పాలమూరు ఎండ దానికి కష్టం. అలాగని జుత్తు గొరిగించకూడదు, ఆ జుత్తే చర్మానికి నీడ. ఉదయం, సాయంత్రం తిప్పి, మధ్యాహ్నం చెట్టు కిందో కొట్టంలోనో కుండ నిండా నీళ్లు పెట్టి వదలాలి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఈ జాతిని మిగతావాటికంటే తీవ్రంగా దెబ్బతీస్తుంది. చిగుళ్లు పాలిపోయినా, ముక్కు వెంట రక్తం కారినా ఆలస్యం పనికిరాదు. దత్తతకు ముందే కుక్కను నడిపించి చూడాలి. లేచేటప్పుడు వెనక కాళ్లు తడబడితే తుంటి కీళ్ల లోపం కావచ్చు, అది ఈ జాతిలో తరచు వచ్చేదే. జొన్న గటక, సంకటి కడుపు నింపుతాయి గాని, గుడ్డో ఉడికించిన మాంసమో తోడు కావాలి. ఇది నాటు కుక్క తిండితో సరిపెట్టుకునేది కాదు. ఆ ఖర్చు మోయలేనివారు తెచ్చుకోకపోవడమే దానికి మేలు చేసినట్లు.

కేంద్రాలవారు సాధారణంగా గుర్తింపు పత్రం, చిరునామా అడుగుతారు. ఇంటి పరిస్థితి విచారిస్తారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి ఇస్తారు, లేదా చేయిస్తామని రాయించుకుంటారు. టీకా కాగితం అడిగి తీసుకోవాలి. ఏ కారణంతో దాన్ని వదిలేశారో, పిల్లలతో ఎలా వుంటుందో మొహమాటం లేకుండా అడగాలి. కుదరకపోతే తిరిగి అక్కడికే చేర్చాలి గాని, జాతీయ రహదారి పక్కన దింపి రాకూడదు. తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుతో మందకు ఒక పూట మేత కూడా రాదు.

ఊరికి తెచ్చిన మొదటి రెండు మూడు రాత్రులు అది ఏడుస్తుంది, తిండి ముట్టదు. వీధి కుక్కలు గుమిగూడతాయి కనుక గేటు లోపలే వుంచాలి. పట్నంలో 'కమ్', 'సిట్' అని వింటూ పెరిగినదానికి 'రా', 'కూర్చో' వెంటనే తలకెక్కవు. పాత పేరు తెలిస్తే ఆ పేరుతోనే పిలవాలి. అన్నం పెట్టే మనిషి, తిప్పే మనిషి కొన్నాళ్లు ఒకరే అయితే తొందరగా మాలిమి అవుతుంది.