పొగ చెప్పే ఖర్చు!

ఇంట్లో కొన్న తొలి కారు. అందరినీ తిరుపతి తీసుకెళ్లింది, అమ్మాయిని అత్తారింట్లో దింపొచ్చింది. ఇప్పుడేమో స్టార్ట్ చేస్తే చాలు, వీధంతా పొగ! 'బోరుకొచ్చింది సార్, ఇంజిన్ దించాల్సిందే' అంటాడు మెకానిక్. అమ్మితే పాత ఇనుము ధర. బాగు చేయిద్దామంటే ఎంతవుతుందోనని గుబులు. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. అయితే, దించమనే ముందు అసలు జబ్బేమిటో తేల్చుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

ముందు పరీక్ష

పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలంగా పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పాడై ఉండొచ్చు. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే అనుమానం పిస్టన్ రింగుల మీదే. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లూ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి.

తర్వాత మూడు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిపించండి. తక్కువున్న దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల్లోనో, గ్యాస్కెట్‌లోనో ఉంటుంది. అప్పుడు హెడ్ విప్పితే చాలు!

ఎక్కడ పొదుపు?

దించక తప్పకపోతే ప్రతి భాగాన్నీ కొలిపించాలి. క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు, క్యామ్‌షాఫ్టు కొలతల్లో ఉంటే పాతవే వాడుకోవచ్చు. వాల్వులు నూరిస్తే సరిపోవచ్చు. బోరు అరిగితే 0.25 లేదా 0.50 మి.మీ. పెద్ద సైజు పిస్టన్లు ముందే కొనాలి. వాటి కొలతను బట్టే బోరింగ్ చేస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ లేత్ పనులన్నీ దగ్గర్లోనే అయిపోతాయి.

రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు, టైమింగ్ బెల్టు మాత్రం కొత్తవే వేయించండి. బాగా వేడెక్కిన ఇంజినైతే హెడ్ వంగిందేమో చూడాలి. చూడకుండా బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా మళ్లీ కాలిపోతుంది.

ఆర్‌సీ చూశారా?

సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. అది కుదురుతుందో లేదో తెలుసుకున్నాకే ఇంజిన్ మీద డబ్బు పెట్టండి. వేరే ఇంజిన్ వేయిస్తే దాని నంబరు ఆర్‌సీలో నమోదు చేయించాలి.

పని పూర్తయ్యాక తొలి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆయిల్ మార్పించండి. బాగు చేయించిన ఇంజిన్ కూడా బాలింతే... కొన్నాళ్లు పథ్యం తప్పదు!